ముస్సోలినీ రోమ్‌ని గెలుచుకున్నాడా, తీసుకెళ్ళి చేతిలో పెట్టారా?

అడిగినవారు గ్రూప్ వన్‌కి ప్రిపేర్ అవుతున్నట్టున్నారు. ప్రశ్న రెండు ముక్కల్లో ఇదీ: ముస్సోలినీ మొదట సోషలిస్టు అని చదివాను, తర్వాత ఆ సోషలిస్టుల్నే కొట్టించి చంపించాడని చదివాను, మనిషి అంతలా ఎలా మారతాడు? రెండోది, 1922లో 30 వేలమందితో రోమ్ మీదకి దండెత్తి అధికారం లాక్కున్నాడని గైడ్లో ఉంది, నిజమేనా?

ముందు సూటిగా చెప్పేస్తా. లాక్కోలేదండి, ఇచ్చారు. రాజు పిలిచి మరీ ఇచ్చాడు, పార్లమెంటు ఓటేసి మరీ ఒప్పుకుంది. ఇక మారాడా అంటే, మారింది అతను చెప్పే మాట, అతని స్వభావం కాదు. నా ఉద్దేశంలో అతను మొదట్నుంచి చివరిదాకా పేపర్ ఎడిటరే. రేపు పొద్దున జనం ఏ హెడ్డింగ్ చదివితే వీధిలోకి వస్తారా అన్నదే అతని లెక్క, సిద్ధాంతం ఏదన్నది తర్వాత సంగతి.

నేను డిగ్రీ కాలేజీలో ఆధునిక యూరప్ చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. నిజం ఒప్పుకోవాలంటే మొదటి నాలుగైదేళ్ళు నేను కూడా "దండెత్తి అధికారం చేజిక్కించుకున్నాడు" అనే చెప్పాను, మా లెక్చరర్లు మాకు రాయించిన నోట్సులో అలాగే ఉండేది. ఒకరోజు వెనక బెంచీలో అమ్మాయి లేచి, సార్ దండయాత్ర చేసినవాడు రైల్లో ఎందుకొచ్చాడు అని అడిగింది. అది కూడా రాత్రి రైలు, స్లీపర్ బోగీ. నా దగ్గర జవాబు లేదు, రేపు చెప్తానమ్మా అని తప్పించుకుని లైబ్రరీకి పోయాను. ఆ రేపు రావడానికి రెండు వారాలు పట్టింది.

మొదట్నుంచీ చూద్దాం, కాస్త ఓపిక పట్టండి.

1883 జూలై 29న పుట్టాడు. ఇటలీ ఉత్తర భాగంలో రొమాన్యా అనే ప్రాంతం, అందులో ప్రెదాప్పియో దగ్గర దోవియా అనే పల్లె. తండ్రి అలెస్సాండ్రో కమ్మరి, ఆ చుట్టుపక్కల పేరున్న సోషలిస్టు. తల్లి రోజా మాల్తోని స్కూలు టీచరు, చర్చి తప్పని భక్తురాలు. కొలిమి దగ్గర తండ్రి రాజుల్నీ పూజారుల్నీ తిట్టడం, ఇంట్లో తల్లి ప్రార్థన చేసుకోవడం, పిల్లవాడు ఈ రెంటి మధ్యా పెరిగాడు. పేరు కూడా తండ్రి పెట్టిందే, బెనితో అంటే మెక్సికో నాయకుడు బెనితో హువారెజ్ పేరు, ఆ తర్వాత వచ్చే అమిల్కారే, ఆంద్రేయా అన్నవి ఇద్దరు ఇటలీ సోషలిస్టుల పేర్లు. అంటే పేరు మొత్తం విప్లవకారులదే.

తొమ్మిదేళ్ళ వయసులో తల్లి పట్టుబట్టి ఫాయెన్జాలో పాదిరీల బోర్డింగ్ స్కూల్లో వేసింది. అక్కడ భోజనాల దగ్గర పిల్లల్ని ఫీజుని బట్టి మూడు బల్లల దగ్గర కూర్చోబెట్టేవారు, ఇతనిది ఆఖరి బల్ల. మనవాళ్ళు పంక్తిభేదం అంటామే, అదే. పెద్దయ్యాక కూడా ఆ బల్ల సంగతి తలుచుకుంటూనే ఉన్నాడు. తోటి పిల్లవాణ్ణి చాకుతో పొడిచిన గొడవలో ఆ స్కూలు నుంచి పంపించేశారు. తర్వాత ఫోర్లింపోపోలీలో చదివి 1901లో టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. గ్వాల్తియేరి అనే ఊళ్ళో కొన్ని నెలలు పిల్లలకి పాఠాలు చెప్పాడు, మళ్ళీ ఉద్యోగం ఇవ్వలేదు.

1902లో స్విట్జర్లాండ్ పోయాడు, ఒకవైపు పని కోసం, ఇంకోవైపు సైన్యంలో చేరాల్సిన ఏడు దగ్గరకొస్తోంది కాబట్టి. జేబులో డబ్బు లేదు, కార్ల్ మార్క్స్ బొమ్మ ఉన్న బిళ్ళ మాత్రం ఉందని తర్వాత చెప్పుకునేవాడు. తాపీ పనిలో రాళ్ళు మోశాడు, రెండు మూడు వారాలకే లోజాన్‌లో వంతెన కింద పడుకున్నాడని పోలీసులు పట్టుకుపోయారు. ఇక్కడే ఏంజెలికా బలబనోఫ్ అనే రష్యన్ సోషలిస్టు పరిచయమైంది, ఇతనికి చదువు, జర్మన్ భాష, సభల్లో మాట్లాడే ధైర్యం అన్నిట్లో చేయూతనిచ్చింది ఆవిడే. తర్వాత రోజుల్లో ఇతన్ని ఆవిడంత తిట్టినవాళ్ళు తక్కువ. ఏరు దాటాక తెప్ప తగలేసే గుణం ఇతని జీవితంలో మొదటిసారి స్పష్టంగా కనపడేది ఆవిడ విషయంలోనే, ఆఖరిసారి మాత్రం కాదు.

సైన్యానికి రాకుండా ఎగ్గొట్టినందుకు ఇతను లేకుండానే శిక్ష వేశారు. 1904లో యువరాజు పుట్టిన సంతోషంలో క్షమాభిక్ష ప్రకటిస్తే దాన్ని వాడుకుని వెనక్కొచ్చి, 1905, 1906 సంవత్సరాల్లో బుద్ధిగా సైన్యంలో పనిచేశాడు. రాజుల్ని ఒప్పుకోని మనిషికి మొదటి ఊరట రాజుగారింట్లో పుట్టిన పిల్లవాడి వల్ల దొరికింది చూడండి.

తర్వాత మళ్ళీ అక్కడా ఇక్కడా టీచరుగా, 1909లో అప్పటికి ఆస్ట్రియా చేతిలో ఉన్న త్రెంతోలో పేపర్లో పని, అక్కడి ప్రభుత్వం బహిష్కరిస్తే సొంత జిల్లా ఫోర్లీకి వచ్చి వర్గపోరాటం అనే అర్థమొచ్చే పేరుతో వారపత్రిక పెట్టాడు. మధ్యలో ఒక కార్డినల్ ప్రియురాలి మీద సీరియల్ నవల కూడా రాశాడు, డబ్బు కోసం. రాకేలే గ్వీదీతో కాపురం పెట్టింది కూడా ఈ రోజుల్లోనే. 1911లో ఇటలీ లిబియా మీద యుద్ధానికి దిగితే ఇతను వ్యతిరేకించి జనాన్ని రైలు పట్టాల మీదకి తీసుకొచ్చాడు, ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. యుద్ధం వద్దన్నందుకు జైలుకెళ్ళిన ఆ మనిషే 1935లో ఇథియోపియా మీద విషవాయువు వేయించాడు. జైల్లో తోడుగా ఉన్నవాడు పియెత్రో నెన్నీ, ఆయన మాత్రం తర్వాత ఫాసిజానికి ఎదురు నిలిచి, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సోషలిస్టు పార్టీని నడిపాడు.

జైలు నుంచి బయటికొచ్చేసరికి పార్టీలో హీరో. 1912 జూలైలో రెజ్జో ఎమిలియా మహాసభలో, రాజుని పలకరించడానికి పోయిన మెతక నాయకుల్ని పార్టీ నుంచి గెంటించే తీర్మానం పెట్టింది ఇతనే. ఆ డిసెంబరులో పార్టీ పత్రిక అవాంతికి ఎడిటర్ అయ్యాడు, మిలాన్లో కూర్చుని సర్క్యులేషన్ కొన్ని రెట్లు పెంచాడు. వయసు 29. పొట్టి వాక్యాలు, తిట్లు, రోజుకొక శత్రువు. ఇతని నిజమైన ట్రైనింగ్ ఇక్కడ జరిగింది, ఇది జవాబులో రాయండి, చాలామంది వదిలేస్తారు.

ఇక మీరడిగిన మలుపు. 1914 ఆగస్టులో ప్రపంచయుద్ధం మొదలైంది, ఇటలీ తటస్థం అంది, సోషలిస్టు పార్టీ ఈ యుద్ధం ఎవరిదైనా మనది కాదంది, ఇతనూ మొదట్లో అదే రాశాడు. అక్టోబర్ 18న అదే పత్రికలో, పూర్తి తటస్థత కాదు చురుకైన తటస్థత కావాలి అని ఒక వ్యాసం వేశాడు. చురుకైన తటస్థత అంటే ఏంటని నన్నడక్కండి, యుద్ధానికి పోదాం అన్న మాటని పార్టీవాళ్ళు ఉలిక్కిపడకుండా చెప్పడం అంతే. వాళ్ళు ఉలిక్కిపడ్డారు. రాజీనామా చేశాడు. నెల తిరక్కుండా నవంబర్ 15న పోపోలో దితాలియా అని సొంత పేపర్ వచ్చేసింది, 24న పార్టీ వెళ్ళగొట్టింది.

నెల రోజుల్లో దినపత్రిక పెట్టడానికి డబ్బెక్కడిది? యుద్ధం వస్తే లాభపడే పరిశ్రమలవాళ్ళు, ఇటలీని తమవైపు లాగాలనుకున్న ఫ్రెంచివాళ్ళు. 1917లో అయితే బ్రిటిష్ గూఢచారి శాఖ వారానికి 100 పౌండ్లు ఇచ్చింది, ఇది వాళ్ళ కాగితాల్లోంచే బయటపడింది. కాబట్టి డబ్బుకి అమ్ముడుపోయాడు అనేస్తే తేలిగ్గా ఉంటుంది, కొందరు అలానే రాస్తారు. నేనలా అనుకోను. యుద్ధం వస్తే పాత ప్రపంచం కూలుతుంది, కూలినప్పుడు ముందు వరుసలో ఉన్నవాడిదే పైచేయి అని అతను నిజంగానే నమ్మాడు, నమ్మినదానికి డబ్బు కూడా వస్తుంటే కాదనలేదు. ఆ పేపర్ తలకాయ మీద సోషలిస్టు దినపత్రిక అన్న మాట 1918దాకా అలాగే ఉంది, తెలుసా?

యుద్ధంలో కార్పొరల్‌గా పనిచేశాడు. 1917 ఫిబ్రవరిలో ట్రైనింగ్‌లో సొంత మోర్టారే పేలి ఒళ్ళంతా ముక్కలు దిగాయి, ఇంటికి పంపారు, మళ్ళీ పేపర్. ఇటలీకి ఆ యుద్ధంలో 6 లక్షల దాకా సైనికులు పోయారు. గెలిచిన పక్షంలో ఉన్నా ఆశించిన భూములన్నీ రాలేదు. గెలుపుని కాళ్ళూ చేతులూ నరికి మన చేతికిచ్చారు అన్న ధోరణిలో కవి దానున్జియో రెచ్చగొట్టాడు, 1919 సెప్టెంబర్లో కొంతమంది సైనికుల్ని వెంటేసుకుని ఫ్యూమే పట్టణాన్ని ఆక్రమించి ఏడాది పైన ఏలాడు కూడా. బాల్కనీ ఉపన్యాసాలు, చెయ్యి చాపే సెల్యూట్, జనంతో ప్రశ్నా జవాబులాడటం, ఈ హంగామా అంతా ముస్సోలినీ ఆయన దగ్గర ఎత్తుకొచ్చిందే. నల్లచొక్కా యుద్ధంలో పనిచేసిన ఆర్దితి అనే మెరుపు దళాలది. సొంత సరుకు చాలా తక్కువండి ఇతని దగ్గర.

1919 మార్చి 23న మిలాన్లో సాన్ సెపోల్క్రో చౌక్‌లో ఒక హాల్లో ఫాసిస్టు ఉద్యమం మొదలైంది. మా అమ్మాయి ఎమ్మెస్ మిలాన్లో చేసింది, చూడ్డానికి పోయినప్పుడు పట్టుబట్టి ఆ చౌక్‌కి తీసుకెళ్ళమన్నాను, పెద్ద చర్చి దగ్గర్నుంచి నడిచిపోవచ్చు, చిన్న చౌక్, ఎవరో కుర్రాడు స్కూటర్ స్టార్ట్ చేసుకోడానికి తంటాలు పడుతున్నాడు. ఇదేనా నాన్నా అంది. ఇదే. అప్పటి హాలు కూడా వ్యాపారుల సంఘంవాళ్ళదే, వాడుకోమని ఇచ్చారు. అక్కడ మొదలైన ఆ ఏడాది ప్రోగ్రాం చదివితే తల తిరుగుతుంది: ఆడవాళ్ళకి ఓటు, 8 గంటల పని, పెట్టుబడి మీద భారీ పన్ను, చర్చి ఆస్తుల జప్తు, సెనేట్ రద్దు. ఇందులో ఏదీ జరగలేదని అనను, పనిగంటల చట్టం ఒకటి 1923లో వచ్చింది, కానీ మిగతావాటికి చాలావరకు రివర్స్ నడిచింది.

అదే నవంబర్లో ఎన్నికలు. మిలాన్లో పోటీ చేశాడు, లిస్టులో సంగీత దర్శకుడు తోస్కనీనీ కూడా ఉన్నాడు (తర్వాత ఆయనే ఫాసిస్టు పాట వాయించనని చెప్పి దెబ్బలు తిన్నాడు). ఎన్ని ఓట్లొచ్చాయి? 5 వేలు కూడా రాలేదు. సీటు ఒక్కటీ లేదు. సోషలిస్టులకి దేశం మొత్తం మీద 156 సీట్లు. వాళ్ళు ముస్సోలినీ రాజకీయంగా చచ్చిపోయాడని ఉత్తుత్తి శవయాత్ర తీశారు, శవపేటిక మోసుకుంటూ అతని ఇంటిముందు నుంచే పోయారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. 1919 నవంబర్లో శవయాత్ర, 1922 అక్టోబర్లో ప్రధానమంత్రి. మూడేళ్ళు కూడా నిండలేదు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ మూడేళ్ళలో ఉంది. ఇతని బాల్యం, చాకు, ఆఖరి బల్ల, ఇవి ఇతనెలాంటివాడో చెప్తాయి, ఎలా గెలిచాడో చెప్పవు. అలాంటి ఎడిటర్లు అప్పటి యూరప్‌లో ఊరికొకడున్నాడు.

ఈ మూడేళ్ళలో ఏం జరిగిందంటే. 1919, 1920 ఇటలీలో ఎర్రబారిన రెండేళ్ళు అంటారు. సమ్మెలు, ధరలు ఆకాశంలో, 1920 సెప్టెంబర్లో ఉత్తరాది ఫ్యాక్టరీల్ని లక్షల్లో కార్మికులు ఆక్రమించుకున్నారు. ప్రధాని జొలిట్టి పెద్దాయన, నాలుగు ప్రభుత్వాలు నడిపొచ్చినవాడు, పోలీసుల్ని పంపకుండా వాళ్ళంతట వాళ్ళే అలిసిపోతారని కూర్చున్నాడు, అలాగే అలిసిపోయారు. కానీ ఓనర్లు మాత్రం ఆ నెల మర్చిపోలేదు, ప్రభుత్వం మనల్ని కాపాడదు అని మనసులో రాసేసుకున్నారు.

ఫ్యాక్టరీల కంటే ముఖ్యం పొలాలు. పో నది లోయ, బొలోన్యా, ఫెర్రారా, క్రెమోనా. ఇక్కడ కూలీల సంఘాలు బలంగా ఉండేవి, ఎన్ని ఎకరాలకి ఎంతమందిని పన్లోకి తీసుకోవాలో, పన్లేని చలికాలంలో కూడా, సంఘమే చెప్పేది, కాదన్న ఆసామికి కోతకి మనిషి దొరకడు. సంఘాన్ని కాదని పనికొచ్చిన కూలీని వెలేసేవారు. నేను డెల్టాలో పెరిగినవాణ్ణి, కోతల టైములో కూలీ దొరక్కపోతే ఆసామి మొహం ఎలా ఉంటుందో చూశాను కాబట్టి ఈ చాప్టర్ నాకు పుస్తకంలో చదివినట్టుండదు. సొంతంగా రెండెకరాలు కొనుక్కోవాలనుకున్న చిన్న రైతు, కౌలుదారు కూడా సంఘం మీద మండిపడేవాడు, ఎందుకంటే సోషలిస్టులు భూమి అందరిదీ అంటున్నారు, ఇతను ఇప్పుడిప్పుడే నాది అనుకుంటున్నాడు. ఈ చిన్న రైతుల కోపాన్ని సోషలిస్టులు లెక్క చెయ్యలేదు, అది వాళ్ళ పెద్ద తప్పు.

1920 నవంబర్ 21న బొలోన్యాలో కొత్త సోషలిస్టు కౌన్సిల్ ప్రమాణం చేసేరోజు కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు, ఆ తర్వాత ఇక ఆగలేదు. రాత్రిపూట లారీలు, ఆ లారీల్లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు, కాలేజీ విద్యార్థులు, ఆసాముల కొడుకులు. కూలీ సంఘం ఆఫీసు తగలబెట్టడం, నాయకుణ్ణి ఇంట్లోంచి లాగి కర్రలతో కొట్టడం, నోరు పట్టి ఆముదం పోయడం. ఆముదం అంటే క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ మొదట్లో నవ్వించేవాణ్ణి, తర్వాత మానేశాను. లీటరు ఆముదం తాగించి ఊరి నడిబొడ్డున వదిలేస్తే కొందరు చచ్చిపోయారు కూడా, బతికినవాడు మళ్ళీ ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు, ఉద్దేశం అదే. 1921 మొదటి ఆరు నెలల్లో 119 కార్మిక కేంద్రాలు, 107 సహకార సంఘాలు ధ్వంసం చేశారు. పోలీసులు? పక్కకి తిరిగి నిలబడ్డారు, కొన్నిచోట్ల లారీలు, తుపాకులు సైన్యం నుంచే వచ్చాయి. సోషలిస్టులు తిరగబడి చంపినచోట్లు కూడా ఉన్నాయి, కానీ జైలుకెళ్ళింది ఎక్కువగా వాళ్ళే.

గమనించండి, ఇదంతా ముస్సోలినీ ప్లాన్ కాదు. లోకల్ నాయకులది. ఫెర్రారాలో బాల్బో, బొలోన్యాలో గ్రాందీ, క్రెమోనాలో ఫరినాచ్చి. వీళ్ళని రాస్ అనేవారు, ఇథియోపియా జమీందార్ల బిరుదు అది. 1921 ఆగస్టులో ముస్సోలినీ సోషలిస్టులతో శాంతి ఒప్పందం చేసుకుంటే ఈ రాస్‌లు ఎదురు తిరిగారు, నీ పేపర్ నువ్వు రాసుకో మా ఊరి సంగతి మేం చూసుకుంటాం అన్నట్టు. అలిగి రాజీనామా చేశాడు, నాలుగు రోజులు పోయాక మళ్ళీ సర్దుకున్నారు. నవంబర్‌కి అది నేషనల్ ఫాసిస్టు పార్టీ అయింది, ఒప్పందం చెత్తబుట్టలోకి పోయింది. 1920 చివర 20 వేలున్న సభ్యులు ఏడాది తిరిగేసరికి 2 లక్షలు దాటారు. అంటే ఇతని పని ఏంటి? కొట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ తరఫున రోమ్‌లో బేరమాడగలిగిన మనిషి ఇతనొక్కడే. రోమ్‌లో పెద్దమనుషులకి, వీళ్ళని అదుపులో పెట్టగలిగేది నేనే అని చెప్తాడు, రాస్‌లకి, మిమ్మల్ని జైలుకి పోకుండా చూసేది నేనే అని చెప్తాడు. రెండువైపులా నమ్మారు.

మొదట నమ్మింది జొలిట్టి. ముల్లుని ముల్లుతోనే తీద్దాం అనుకుని 1921 మే ఎన్నికల్లో ఫాసిస్టుల్ని తన కూటమి లిస్టులో కలుపుకున్నాడు. 35 సీట్లొచ్చాయి. గెలిచిన మర్నాటి నుంచే జొలిట్టిని తిట్టడం మొదలెట్టాడు ముస్సోలినీ (తెప్ప సంగతి మళ్ళీ). అటు సోషలిస్టులు 1921 జనవరిలో చీలి కమ్యూనిస్టులు వేరయ్యారు, 1922 అక్టోబర్లో ఇంకోసారి చీలారు. ఇల్లు తగలబడుతుంటే ఎవరు అసలైన విప్లవకారులో తేల్చుకుంటున్నారు. 1922 ఆగస్టులో సార్వత్రిక సమ్మె అన్నారు, ఫాసిస్టులు తామే దిగి సమ్మె విరగ్గొట్టి మధ్యతరగతి దగ్గర మంచి మార్కులు కొట్టేశారు.

ఇప్పుడు ఆ అక్టోబర్. 24న నేపుల్స్‌లో సభ. 27 రాత్రి నుంచి పట్టణాల్లో పోస్టాఫీసులు, స్టేషన్లు పట్టుకోవాలి, మూడు నాలుగు చోట్ల గుమిగూడి రోమ్ మీదకి నడవాలి. నడిపేది నలుగురు, బాల్బో, దె బోనో, దె వెక్కీ, బియాంకీ. ముస్సోలినీ ఎక్కడున్నాడు? మిలాన్లో. తేడా వస్తే స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర. ముందురోజు రాత్రి థియేటర్లో నాటకం చూస్తూ కనిపించాడు.

రోమ్‌ని కాపాడే సైన్యం దాదాపు 28 వేలు, మరఫిరంగులతో, ఫిరంగులతో. నగరానికొచ్చే రైలు పట్టాలు కొన్నిచోట్ల పీకేసి రైళ్ళు ఆపేశారు. ఫాసిస్టులు ఆ ఉదయానికి చేరినవాళ్ళు 30 వేలకి చాలా తక్కువ, కుండపోత వాన, తిండి లేదు, కొందరి చేతిలో వేటతుపాకి, కొందరి చేతిలో కర్ర. సైన్యం ఒక గంట కాల్పులు జరిపితే ఈ చరిత్ర ఇంకోలా ఉండేది.

ప్రధాని ఫాక్తా మెతక మనిషి, అయినా 28 తెల్లవారుజామున కేబినెట్ ఎమర్జెన్సీ ఉత్తర్వు ఆమోదించింది, జిల్లాలకి టెలిగ్రాములు పోయాయి, రోమ్ గోడల మీద పోస్టర్లు కూడా అంటించారు. సంతకం కోసం పొద్దున రాజు దగ్గరకి పోతే విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. అంతే. మధ్యాహ్నానికి ఉత్తర్వు రద్దు.

ఎందుకు పెట్టలేదు? అంతర్యుద్ధం వస్తుందని భయం, సైన్యం ఫాసిస్టుల మీద కాలుస్తుందో లేదో అనుమానం, దాయాది అవోస్తా డ్యూక్ ఫాసిస్టులకి దగ్గరివాడు కాబట్టి తన సింహాసనం ఆయనకి పోతుందేమో అని. ప్రపంచయుద్ధంలో సేనాధిపతిగా చేసిన దియాజ్‌ని అడిగితే, సైన్యం తన బాధ్యత నిర్వర్తిస్తుంది కానీ పరీక్ష పెట్టకపోవడమే మంచిది అన్నాడని ఒక కథ చెప్తారు, కథగానే తీసుకోండి. ఫాక్తా మీద నమ్మకం లేకపోవడం కూడా ఒక కారణం. నాకు మాత్రం వీటన్నిటికంటే ఇంకోటి పెద్దదనిపిస్తుంది: సంతకం పెడితే ఆ తర్వాత జరిగేదానికి తను బాధ్యుడు, పెట్టకపోతే ఎవరూ బాధ్యులు కారు. ఆఫీసుల్లో ఫైలు మీద సంతకం ఎందుకు ఆగుతుందో తెలిసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

మొదట పాత ప్రధాని సలాంద్రాని మళ్ళీ ప్రధానిగా పెట్టి ముస్సోలినీకి నాలుగు మంత్రి పదవులిస్తామన్నారు, ఒప్పుకోలేదు, రాజు బలహీనపడ్డాడని అప్పటికే అర్థమైపోయింది. 29న రోమ్ నుంచి ఫోన్ వచ్చింది రమ్మని. ఫోన్లో చాలదు, టెలిగ్రాం రావాలి అన్నాడు. చూశారా, తిరుగుబాటుదారుడు రాతపూర్వకంగా అడుగుతున్నాడు. టెలిగ్రాం వచ్చింది. ఆ రాత్రి రైలెక్కాడు, 30 పొద్దున రోమ్‌లో దిగాడు, ప్రధానమంత్రి అయ్యాడు. వయసు 39. వానలో తడుస్తున్న నల్లచొక్కాలని అప్పుడు లోపలికి రానిచ్చారు, 31న పరేడ్ చేయించి స్పెషల్ రైళ్ళల్లో ఇళ్ళకి పంపేశారు. దండయాత్ర అన్నది అధికారం వచ్చాక చేసిన ఊరేగింపు. తర్వాత వాళ్ళే దాన్ని విప్లవంగా ప్రచారం చేసి, ఆ రోజు నుంచి సంవత్సరాలు లెక్కపెట్టే కొత్త శకం కూడా పెట్టుకున్నారు, మన గైడ్లు ఆ ప్రచారాన్నే అలా అచ్చేస్తున్నాయి. దీన్ని చూసే హిట్లర్ 1923 నవంబర్లో మ్యూనిక్‌లో ప్రయత్నించి జైలుకి పోయాడు, ఆయన కూడా ప్రచారాన్నే నమ్మినట్టున్నాడు.

మొదటి కేబినెట్లో ముస్సోలినీతో కలిపి ఫాసిస్టు మంత్రులు నలుగురే, మిగతావాళ్ళు లిబరల్స్, కాథలిక్ పార్టీ, జాతీయవాదులు, ఒక జనరల్, ఒక అడ్మిరల్. నవంబర్ 16న పార్లమెంటులో, ఈ సభని నా దళాలకి గుడారం చేసేవాణ్ణి, చేయలేదు సంతోషించండి అనే ధోరణిలో మొహాన్నే చెప్పాడు. ఓటింగ్ పెడితే 306 అనుకూలం, 116 వ్యతిరేకం. ఫాసిస్టు సభ్యులు 35 మందే సుమా. జొలిట్టి, సలాంద్రా, ఒర్లాందో, బోనోమి, అంతా పాత ప్రధానులే, అందరూ ఓటేశారు. ఆర్నెల్లలో దారికొస్తాడులే అనుకున్నారు.

ఒక జాగ్రత్త: 1922లో ప్రధాని అయ్యాడు, నియంత కాలేదు. పరీక్షలో ఈ రెండిటినీ కలిపేస్తే మార్కులు పోతాయి. మధ్యలో రెండేళ్ళ పైన ఉంది.

ఆ రెండేళ్ళు గబగబా చెప్తా. 1923లో నల్లచొక్కాలని ప్రభుత్వ జీతం మీద మిలీషియా చేశాడు. అదే ఏడాది అచేర్బో చట్టం, 25 శాతం ఓట్లు దాటి మొదటి స్థానంలో ఉన్న లిస్టుకి మూడింట రెండొంతుల సీట్లు. ఈ చట్టానికీ పార్లమెంటే ఓటేసింది. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో దెబ్బలూ బెదిరింపుల మధ్య కూటమికి 65 శాతం దాకా వచ్చాయి. మే 30న సోషలిస్టు సభ్యుడు మత్తియోత్తి లేచి, ఈ ఎన్నిక చెల్లదు అని ఊరూరి లెక్కలు చదివాడు, అరుపుల మధ్యే పూర్తి చేశాడు. జూన్ 10న పట్టపగలు టైబర్ నది ఒడ్డున కార్లో ఎత్తుకుపోయి చంపేశారు. శవం ఆగస్టు 16న దొరికింది. చంపించింది ముస్సోలినీయేనా అన్నదానికి రాతపూర్వక ఆర్డరు లేదు, కానీ చంపిన ముఠా అతని ఆఫీసు మనుషులతో అంటకాగినదే.

దేశం అట్టుడికింది, అప్పుడు పడిపోవాల్సినవాడు. కొంతమంది ఫాసిస్టులే బ్యాడ్జీలు తీసి జేబులో పెట్టుకున్నారు. ప్రతిపక్షం ఏం చేసింది? సభ బహిష్కరించి బయట కూర్చుంది, రాజు నిర్ణయం తీసుకుంటాడని ఎదురుచూస్తూ. రాజు మళ్ళీ ఏమీ చెయ్యలేదు. జూన్‌లోనే సెనేట్ విశ్వాసం ప్రకటించింది, తత్వవేత్త క్రోచే అంతటివాడు అనుకూలంగా ఓటేశాడు, తర్వాత బాధపడ్డాడనుకోండి. డిసెంబర్ 31న మిలీషియా అధికారులు ఆఫీసులోకి వచ్చి, నువ్వు తేలుస్తావా మేం తేల్చాలా అని నిలదీశారు. 1925 జనవరి 3న సభలో, జరిగినదానికంతటికీ బాధ్యత నాదే, దమ్ముంటే విచారణ పెట్టండి అన్నాడు. ఎవరూ పెట్టలేదు. నియంతృత్వం మొదలైన తేదీ రాయమంటే ఇదే రాయండి. అదే 1925 డిసెంబర్లో వచ్చిన చట్టంతో పార్లమెంటుకి జవాబు చెప్పక్కర్లేదు, రాజుకి మాత్రమే. 1926 నవంబర్‌కి మిగతా పార్టీలన్నీ రద్దు, కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ అరెస్టు, ప్రత్యేక కోర్టులు.

ఎవరో కింద కామెంట్లో, కనీసం రైళ్ళు టైముకి నడిపాడు కదా అన్నారు. కొన్ని మెయిన్ లైన్లు బాగుపడ్డ మాట నిజం, ఆ పనులు చాలావరకు అతను రాకముందే మొదలయ్యాయి, పల్లెల రైళ్ళు ఎప్పట్లాగే ఆలస్యం. గాంధీ మెచ్చుకున్నాడా అని ఇంకొకరు అడిగారు. 1931 డిసెంబర్లో రౌండ్ టేబుల్ నుంచి వస్తూ రోమ్‌లో కలిసిన మాట నిజమే, అదో పెద్ద చర్చ, వేరే ప్రశ్న పెట్టండి, రాస్తాను.

రాజుకి మాత్రమే జవాబుదారీ అన్నాను కదా, ఆ ఒక్క పట్టు రాజు చేతిలో చివరిదాకా అలాగే ఉండిపోయింది. 1943 జూలై 24 రాత్రి, యుద్ధం ఓడిపోతోందని ఖాయమయ్యాక, పార్టీ పెద్దల సభలో ముస్సోలినీకి వ్యతిరేకంగా తీర్మానం పెట్టింది ఆ బొలోన్యా రాస్ గ్రాందీయే. రోమ్ మీదకి నడిపించిన నలుగురిలో దె బోనో, దె వెక్కీ ఇద్దరూ దానికి ఓటేశారు. మర్నాడు సాయంత్రం రాజు ఇంటికి పిలిపించి ఇరవై నిమిషాలు మాట్లాడి నీ పని అయిపోయిందన్నాడు. గుమ్మం బయట అంబులెన్సు రెడీగా ఉంది, అందులో ఎక్కించి తీసుకుపోయారు.